చాదస్తం అని ఎవరన్నారు?

ముప్పైకి పదకొండు. ఎనభై మూడేళ్ల వయసులో మా అవ్వ జీవితంలో మొదటిసారి రాసిన పరీక్షలో వచ్చిన మార్కులివి. బెంగుళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో జరిగిందా పరీక్ష. కాగితం కింద ‘డిమెన్షియా’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. చిన్నాయన ఆ కాగితాన్ని ఫోటో తీసి కుటుంబమంతటికీ పంపేటప్పటికి ప్రశ్నార్థకం ఎక్కడో రాలిపోయింది. సాయంత్రానికల్లా కళ్యాణదుర్గం పక్కన మా ఊళ్లో కూడా ‘అవ్వకు మతి పోయిందంట’ అన్న మాట స్థిరపడింది.

పరీక్ష ఎట్లా జరిగిందో చిన్నాయనే నవ్వుతూ చెప్పాడు. డాక్టరు కుర్రవాడు ఇంగ్లీషులో అడగడం, చిన్నాయన తెలుగు చేయడం. ‘ఇది ఎన్నో అంతస్తు?’ అంటే అవ్వ, ‘నాకేం తెలుసప్పా, పెట్టెలో పెట్టి పైకి తెస్తిరి’ అందట. లిఫ్టు అన్నమాట. సున్నా. ‘నూరులోంచి ఏడు తీసెయ్’ అంటే ‘తీసి ఎవరికియ్యాల?’ అందట. సున్నా. ఏదైనా ఒక వాక్యం రాయమని కాగితం ముందు పెడితే బొటనవేలు చాపింది. సున్నా. నేనూ నవ్వాను. నవ్విన తర్వాత, చాలాసేపటికి, నాకు ఒళ్లు మండింది. అందులో కొంత నా మీద నాకే.

ఆ ప్రశ్నపత్రం 1975లో అమెరికాలో తయారైంది. బడికి పోయినవాళ్ల కోసం, క్యాలెండరు చూసి బతికేవాళ్ల కోసం తయారైంది. అక్షరం రాని మనిషికి దీన్ని ఉన్నదున్నట్టు పెట్టకూడదని మన దేశంలో తెలియక కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన మేరీ గంగూలీ బృందం 1995లోనే నిరక్షరాస్యులైన వృద్ధుల కోసం హిందీలో వేరే పరీక్ష తయారుచేసి ప్రచురించింది. మన హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం తెలుగులో పరీక్షలు రూపొందించింది. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల సంపుటి తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. అన్నీ ఉన్నాయి. మా అవ్వ కూచున్న గదిలో మాత్రం లేవు. ఆ కుర్ర డాక్టరును ఒక్కడినే తిట్టి ఏం లాభం? బయట అరవైమంది కూచుని ఉంటే ఒక ముసలామెకు అతను ఇవ్వగలిగింది పది నిమిషాలు. కానీ ఆ పది నిమిషాల తీర్పుతో ఒక మనిషి మాటకు ఇంట్లో విలువ పోయింది. ఇప్పుడు అవ్వ కూరలో ఉప్పు తక్కువైందన్నా, పెన్షను డబ్బుల్లో అయిదొందలు తగ్గినాయన్నా, ‘పాపం, మతి లేదు’ అంటున్నారు. అయిదొందలు నిజంగానే తగ్గాయి. ఎవరు తీశారో కూడా ఇంట్లో అందరికీ తెలుసు.

మతి లేదనడం కొత్త మాట. పాత మాట చాదస్తం. నేను చదువుకున్నది సాహిత్యం కాబట్టి మాటల మీద కాసేపు ఆగుతాను. చాదస్తం ఛాందసం నుంచి వచ్చింది. ఛాందసుడు అంటే వేదం చదివినవాడు. లోకజ్ఞానం లేదని ఎగతాళి చేసినా, ఆ మాటలో మగవాడి పాండిత్యం మిగిలే ఉంది. అదే మాట అరిగి అరిగి వంటింట్లోకి వచ్చేసరికి చదువన్నదే దొరకని ఆడమనిషి నోరు మూయించడానికి పనికొచ్చింది. తాత చెప్పిందే మళ్లీ చెపితే అనుభవం, అవ్వ మళ్లీ చెపితే చాదస్తం. ‘ఈ చాదస్తం ఎప్పుడూ ఉండేదే’ అని విననట్టు చేయడం అలవాటైన ఇంట్లో, నిజంగా జబ్బు మొదలైన రోజు ఎవరు గుర్తుపడతారు? ఇరవై ఏళ్లుగా ఆమె మాట విన్నవాళ్లుంటే కదా, మాటలో మార్పు తెలిసేది!

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మా అవ్వకు ఏ జబ్బూ లేదని నేను వాదించడం లేదు. డిమెన్షియా నిజమైన జబ్బు, మెదడు కణాలు చచ్చిపోయే జబ్బు. 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని అంచనా వేసింది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ, పట్టణాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ, చదువు లేనివాళ్లలో మరీ ఎక్కువ. ఈ మూడూ కలిపి చదవండి. పల్లెటూరి చదువురాని ముసలామె కనిపిస్తుంది. ఆమె గురించి మనం ఎన్ని పేజీలు రాశాం?

పత్రికల ఆరోగ్యం పేజీలు మాత్రం రాస్తూనే ఉన్నాయి. ‘వయసు పైబడినవారు రోజూ నలుగురితో కలవాలి. ఒత్తిడి తగ్గించుకోవాలి. పదకేళీలు పూరించాలి. కొత్త భాష నేర్చుకోవాలి.’ పక్కన పార్కులో తెల్లబూట్లు వేసుకుని నవ్వుతున్న దంపతుల బొమ్మ. ఈ సలహాల్లో అబద్ధం లేదు. అందుకే వీటితో పేచీ. నిజాన్ని తీసుకొచ్చి దాని చరిత్రను కత్తిరించి, మిగిలిన ముక్కను ఆమె ఒళ్లో పడేసి ‘ఇక నీ బాధ్యత’ అంటున్నారు. నలుగురితో కలవమంటున్నారు సరే, ఆ నలుగురినీ ఎవరు తీసుకుపోయారు?

మా ఊళ్లో అవ్వకు ఉన్న నలుగురు ఎవరో చెపుతాను. వేరుశనగ విత్తనానికి కాయలు చేత్తో ఒలిచే కాలంలో, వేసవి చివర, మా పాత ఇంటి అరుగు మీద పదిమంది ఆడవాళ్లు కూచునేవాళ్లు. బోయవాళ్లు, కురుబవాళ్లు, మావాళ్లు. మాదిగవాళ్లు అరుగు కింద, వేపచెట్టు నీడన విడిగా. ఆ అరుగు గురించి కలలు కనేటప్పుడు ఇది మరిచిపోవద్దు. చేతులు కాయల మీద, నోరు ఊరంతటి మీద. ఎవరి కోడలు అలిగింది, ఎవరి బోరు ఎండింది, ఏ కార్తెలో ఎన్ని పదుల వాన పడింది, ఎవరు ఎన్ని శేర్లు ఒలిచారు, ఎవరికెంత కూలి రావాలి. అవ్వ ఆ లెక్కంతా తలలో పెట్టుకునేది. నూరులోంచి ఏడు తీయడం రాని మనిషి, పదిమంది శేర్ల లెక్క మూడు వారాలు గుర్తుంచుకుని ఒక్క రూపాయి తేడా రాకుండా పంచేది. ఇప్పుడు ఒలిచే మిషన్లు వచ్చాయి. చేలల్లో వేరుశనగే తగ్గింది. అరుగు కొట్టేసి పెద్దనాయన బతికున్నప్పుడే గేటు పెట్టించాడు. పదిమందిలో నలుగురు చనిపోయారు, ముగ్గురి పిల్లలు బెంగుళూరులో కట్టడాల పనికి పోయి తల్లులను ఇంటికి కాపలా పెట్టారు. ఏటా చాలకుండా పడే వాన, దాని మీద ఆధారపడ్డ ఒకే పంట, అప్పు, వలస. వీటిని మనం రైతు సమస్యగా చదివాం. ఒక ముసలామె మెదడు ఆరోగ్యంగా చదవలేదు.

2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లు అవ్వ గుంపుతో కలిసి పనికి పోయింది. ఆమె మట్టి మోసింది తక్కువ, కూచున్నది ఎక్కువ అని మా నాయన వెక్కిరించేవాడు. కూచోవడమే ఆమెకు దొరికిన వైద్యం అని ఎవరికీ తోచలేదు, నాతో సహా. ఇప్పుడు మిగిలింది నెల మొదటి తారీఖు. 2024 జూలై నుంచి పెన్షను నాలుగు వేలు. దాన్ని ఇంటి దగ్గరికి తెచ్చి ఇస్తారు. వేరుశనగ చెట్లు పీకీ పీకీ వేలిగీతలు అరిగిపోయి వేలిముద్ర ఒక్కసారికి పడదు. తెచ్చినాయన విసుక్కుంటాడు. అవ్వకు మాత్రం అదే కావాలి. ‘మూడుమార్లు పేరు పెట్టి పిలిచినాడు’ అంది నాతో ఒకసారి, సంబరంగా. ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు 1998లో తాతతోనే పోయారు.

తాత పోవడం అంటే ఇంకో సంగతి చెప్పాలి. ఒంటరితనం మెదడుకు హాని అని పాశ్చాత్య శాస్త్రజ్ఞులు ఇప్పుడు చెపుతున్నారు. లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ 2024 నివేదికలో డిమెన్షియాకు దారితీసే, మార్చగలిగిన కారణాలు పద్నాలుగు లెక్కగట్టింది. వీటన్నిటినీ తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని అంచనా. అందులో సామాజికంగా వేరుపడిపోవడానికి 5 శాతం. మనకు ఇందులో కొత్తేముంది? భర్త పోయిన ఆడదాన్ని వేరుపెట్టడానికి మన దగ్గర శాస్త్రమే ఉంది. పేరంటానికి పిలవరు. పెళ్లిలో ముందుకు రాకూడదు. బయలుదేరేవాళ్లకు ఎదురు రాకూడదు. అవ్వ మా అక్క పెళ్లంతా వెనక గదిలో బియ్యం చెరుగుతూ గడిపింది. ఎవరూ బలవంతం చేయలేదు, తనకు తానే పోయి కూచుంది. ఇరవై అయిదేళ్లకు పైగా ఇట్లా తనకు తానే వెనక గదిలోకి పోతూ ఉంటే, ఆ తర్వాత ఒకరోజు ‘ఈమె ఎవరితోనూ కలవదు, జబ్బు లక్షణం’ అని రాస్తాం.

అదే నివేదికలో చిన్నప్పటి చదువు తక్కువకు మరో 5 శాతం. అంటే మా అవ్వ జబ్బు, అది జబ్బే అయితే, ఎనభై మూడో ఏట మొదలు కాలేదు. ఆరో ఏట, తమ్ముడిని ఎత్తుకోవడానికి బడి మానిపించిన రోజు మొదలైంది. గాలి కాలుష్యానికి 3 శాతం. కట్టెపొయ్యి ముందు గడిచిన అరవై ఏళ్లు ఏ కొలతలోకి వస్తాయో గానీ నాకు ఆ పొగే కనిపిస్తుంది. వినికిడి పోవడానికి 7 శాతం, పద్నాలుగింటిలో అన్నిటికంటే పెద్ద వాటాల్లో ఒకటి. అవ్వకు ఆరేళ్లుగా సరిగా వినపడదు. మనం ఒకటి అడిగితే ఇంకోటి చెప్పేది. పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వుతున్నారని ఆమె మాట్లాడటం తగ్గించింది. తాతకు కంటి ఆపరేషను ఇద్దరు కొడుకులు పోటీపడి చేయించారు. అవ్వ చెవులు ఎవరూ చూపించలేదు. ‘ఈ వయసులో ఆమె విని ఏం చేయాల?’ అన్నది మా అమ్మ. చెడ్డమనిషి కాదు మా అమ్మ. తన చెవుల గురించి కూడా అదే అంటుంది.

కొత్త భాష నేర్చుకోమన్న సలహా ఉంది చూడండి, దాని దగ్గర నాకు నవ్వాగదు. 2013లో సువర్ణ అల్లాడి బృందం నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. అక్షరం రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. ప్రపంచమంతా చర్చించిన ఈ ఫలితం మన హైదరాబాదులో, తెలుగూ దక్కనీ మాట్లాడేవాళ్ల నడుమ పుట్టింది. మా అవ్వ పుట్టిల్లు పావగడ పక్క. కుందుర్పి దాటితే కర్ణాటకే. మా ఊళ్లో కురుబల ఇళ్లలో కన్నడం, మిగతా ఇళ్లలో తెలుగు. ఆమె ఒక వాక్యంలో మొదలుపెట్టిన భాషను అదే వాక్యంలో మార్చేసేది. ఈ విద్యకు జనాభా లెక్కల్లో పేరు ‘నిరక్షరాస్యత’.

బెంగుళూరులో ఆ కన్నడమే ఆమెకు ఆసరా అయింది. చిన్నాయన అపార్టుమెంటులో పగలంతా తలుపులు మూసి ఉంటాయి. పనికొచ్చే ఆమె రాయచూరు వైపు మనిషి. ఇద్దరూ వంటింటి గడప మీద కూచుని గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ‘పనిమనిషితో కింద కూచోవద్దు, చూసేవాళ్లు ఏమనుకుంటారు’ అని చిన్నమ్మ ఆపించింది. ఆ తర్వాత రెండు నెలలకే ఆసుపత్రికి తీసుకుపోయారు, ‘ఎవరితోనూ మాట్లాడటం లేదు’ అని.

ఆ అపార్టుమెంటుకు ఆమె తనంతట తాను పోలేదు. వంతు మీద పోయింది. మన దగ్గర ఆస్తిని కొడుకులు ఒకసారి పంచుకుంటారు, అమ్మను ఏటా పంచుకుంటారు. ఊళ్లో పెద్దమ్మ దగ్గర నాలుగు నెలలు, అనంతపురంలో మా ఇంట్లో నాలుగు నెలలు, బెంగుళూరులో నాలుగు నెలలు. మూడు ఇళ్లలో మూడు చోట్ల స్నానాలగది. రాత్రి లేచి గోడకు తగులుకుంటే ‘దారి మరిచిపోయింది’ అంటాం. ఏ దారి? పేగుబంధం, ప్రేమ అంటూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడే కుటుంబం ఒక మనిషికి ఒక మంచం, ఒక కిటికీ ఏడాది పొడుగునా ఇవ్వలేకపోయింది. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. ఆర్డీఓ స్థాయి అధికారి దగ్గర అర్జీ పెట్టుకుంటే నెలకు పదివేల దాకా భరణం ఇప్పించవచ్చు. మంచిదే. ఆ చట్టం కూడా ఆమెకు ఎంత కావాలి అని అడుగుతుంది, ఎక్కడ ఉండాలనుంది అని ముందుగా అడగదు.

ఇక ఒత్తిడి. అది తగ్గించుకోవాలట. 1968లోనే బ్రూస్ మెక్ఈవెన్ అనే శాస్త్రజ్ఞుడు ఒత్తిడి హార్మోను నేరుగా మెదడులో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో చేరి నిలుస్తుందని ఎలుకల్లో చూపించాడు. ఒత్తిడి ఏళ్ల తరబడి సాగితే శరీరం దాన్ని భారంగా మోస్తుందని, ఆ భారం మెదడునూ అరగదీస్తుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కాడి కింద ఎద్దు మెడ కాయగట్టినట్టు అని నాకు అర్థమైంది. మా పెద్దనాయన 2005లో అప్పులు తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు. బోరు మీద బోరు, నాలుగూ ఎండిపోయాయి. అంతకు ముందు ఏడాదే ప్రభుత్వం 421వ నంబరు జీవో ఇచ్చి ఉంది. విచారణకు వచ్చినవాళ్లు అప్పు కాగితాలు అడిగారు, పట్టా పాసుపుస్తకం అడిగారు, పెద్దమ్మను అడిగారు. మూల కూచున్న తల్లిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె దుఃఖానికి ఏ ఫైల్లోనూ కాలమ్ లేదు. ఆమెను ఇప్పుడు పిలిచి ధ్యానం చేయమని చెప్పండి.

ఇదంతా విని ‘అందుకే ఉమ్మడి కుటుంబాలు ఉండాలి’ అనేవాళ్లు సిద్ధంగా ఉంటారు. వాళ్లకు నా దగ్గర ఒకటే ప్రశ్న. ఆ కుటుంబంలో ముసలామె గుడ్డలు ఉతికేది ఎవరు? 1995లో కీకోల్ట్-గ్లేసర్ బృందం డిమెన్షియా ఉన్న బంధువులకు సేవచేస్తున్న ఆడవాళ్ల చేతిమీద చిన్న గాయం చేసి చూసింది. మిగతావాళ్లకంటే వాళ్ల గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. కోడలి చాకిరీ మీద నిలబడే అత్త ఆరోగ్యం నాకు వద్దు. అది ఒక ఆడదాని మెదడు కాపాడటానికి ఇంకో ఆడదాని మెదడును తాకట్టు పెట్టడం. అదీగాక నలుగురి మధ్య ఉండటమే మేలు అనుకోవడం కూడా పొరపాటు. అవమానించే నలుగురి మధ్య కంటే కుక్కపిల్లతో ఒంటరిగా ఉండటం నయం. చిన్నపిల్లలకు అంగన్వాడీ పెట్టగలిగిన ప్రభుత్వానికి, ముసలివాళ్లు పగలు నాలుగు గంటలు కూచునే చోటు, చెవులూ కళ్లూ చూసే మనిషి, జీతం తీసుకునే సహాయకురాలు ఊరికి ఒకరు పెద్ద ఖర్చు కాదు. అడిగేవాళ్లు లేరు.

అడగాల్సింది మనమే. స్త్రీల శరీరం గురించి మన పత్రికల్లో రుతుస్రావం, కానుపు, గర్భస్రావం, హింస అన్నీ రాశాం. యాభై దాటగానే కలం ఆగుతుంది. సిమోన్ ద బోవా 1949 నాటి పుస్తకాన్ని సెమినార్లలో ఉటంకిస్తాం. 1970లో ఆమె వృద్ధాప్యం మీద కూడా లావు పుస్తకం రాసిందని ఎంతమంది తలుచుకుంటాం? 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చినప్పుడు అది పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లు దశాబ్దాల తర్వాత గుర్తుచేసుకుని చెప్పిన జ్ఞాపకం మీద నిలబడింది. ఆ జ్ఞాపకాన్ని చరిత్ర అన్నాం. పోరాటం చేయని అవ్వ జ్ఞాపకాన్ని ఏమందాం?

నా సంగతీ చెప్పాలి. నా పరిశోధన రాయలసీమ కథ మీద. సిద్ధాంత గ్రంథంలో ‘వృద్ధ పాత్రలు’ అని నాలుగు పేజీల ఉపశీర్షిక ఉంది. ఎదురుచూసే ముసలితల్లి కరువుకు ప్రతీక అని రాసి పట్టా పుచ్చుకున్నాను. అనుబంధంలో మాండలిక పదాల పట్టిక కోసం అవ్వను కూచోబెట్టి ఆరు గంటలు రికార్డు చేశాను. ఈ మధ్య ఆ రికార్డింగు మళ్లీ విన్నాను. ‘దీన్ని ఏమంటారు? దాన్ని ఏమంటారు?’ నా గొంతే. మధ్యలో ఆమె పెద్దనాయన మాట ఎత్తుతుంది, రెండుసార్లు. రెండుసార్లూ నేను ‘అది తర్వాత అవ్వా, గుంటకకు ఇంకో పేరుందా?’ అన్నాను.

ఇప్పుడు ఆమె ఊళ్లోనే ఉంది. బెంగుళూరు వంతు మేం మానిపించాం. చెవి మిషను కొనిచ్చాను. ఒకటి పెట్టుకుంటుంది, రెండోది బీరువాలో దాచింది. సగం రోజులు బాగుంటుంది. అమావాస్య ఎన్నడో, ఏ ఏడు ఆరుద్రలో వాన రాలేదో చెపుతుంది. కొన్నిసార్లు పొయ్యి మీద పాలు మరిచిపోతుంది, నన్ను మా అత్త పేరుతో పిలుస్తుంది. అది జబ్బా, చెవుడా, దుఃఖమా, మూడూనా, నాకు తెలియదు.

పొద్దు వాలేసరికి గేటు దగ్గర కూచుని ‘పెద్దోడు వచ్చినాడా?’ అని అడుగుతుంది. మొదట్లో మేం ‘పెద్దనాయన పోయినాడు కదవ్వా’ అనేవాళ్లం. ఆమె అప్పుడే విన్నట్టు ఏడ్చేది, ప్రతిసారీ. ఇప్పుడు జవాబు పెద్దమ్మ చెపుతుంది. ‘చేనికి పోయినాడత్తా, వస్తాడు’ అంటుంది. రోజుకు నాలుగుసార్లు, అయిదుసార్లు. ఇరవై ఏళ్ల కిందట మొగుడు పోయిన మనిషి, పిండి పిసుకుతూ, తల ఎత్తకుండా.